చింతచెట్టు ఎదురుగా ఖాళీ గడి

ఆనందం కడప రెవెన్యూ కచ్చేరీలో రికార్డు గుమాస్తా. ఊళ్లో ఆయన మొహం తెలియని వాళ్లు ఉండవచ్చు గానీ, ఆయన చేతిరాత పడని కట్ట ఆ కచ్చేరీలో లేదు. నోటితో చెప్పిన మాట గాలికి పోతుందనీ, కాగితం మీద పెట్టిన మాటే మాట అనీ ఆయన నమ్మకం. ఇంట్లో కూడా అదే పద్ధతి. పాలల్లో నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పాల్సి వస్తే, కాగితానికి ఎడమవైపు మార్జిను మడిచి, పైన "విషయం: పాలు. సూచన: నిన్నటి పాలు" అని రాసి, కింద సంగతి వివరించి, చెంబు కింద పెట్టి కచ్చేరీకి పోయేవాడు. పాలుపోసే తిరుపతమ్మకు చదువు రాదు. ఆ ఉత్తరాలు అట్లా ఏళ్ల తరబడి నడిచాయి. పాలూ అట్లాగే నడిచాయి.

1934 నవంబరులో ఆయన ఒక్కగానొక్క కొడుకు సుందరం స్కౌటుల్లో ఫస్టు క్లాసు పరీక్షకు కూర్చోవలసి వచ్చింది.

మిషను బడిలో స్కౌటు దళం పెట్టిన కొత్తల్లో ఆనందానికి అదేమిటో సరిగా అంతుపట్టలేదు. ఖాకీ నిక్కరు, మెడకు రుమాలు, చేతిలో ఆరడుగుల కర్ర, రోజుకొక మంచి పని. రోజుకొక మంచి పని చేయాలన్న నియమం వినగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "సెలవు దినాల్లో కూడానా?" అని. అవునన్నారు. ఆ సంస్థలో పని ఎక్కువేనని ఆయనకు గౌరవం కలిగింది.

ఫస్టు క్లాసు ఇచ్చే కమిషనరు కర్నూలు నుంచి ఏడాదికొక్కసారే వస్తాడు. వచ్చే జూనుకు సుందరం బడి వదిలి కాలేజీకి పోతాడు. కాబట్టి ఈ శనివారం తప్పితే ఇంకలేదు. ఫస్టు క్లాసు వచ్చినవాళ్లను మద్రాసులో పెద్ద కాంపుకు తీసుకుపోతారు. మద్రాసులో సముద్రం ఉంది. పదహారేళ్లొచ్చినా సుందరం చూసిన అతిపెద్ద నీళ్లు వానాకాలపు పెన్న, అదీ ఒక మంచి సంవత్సరంలో. సముద్రానికి అవతలి గట్టు కనపడదని పుస్తకంలో చదివినప్పటి నుంచీ వాడికి అదొక్కటే ధ్యాస. కనపడకపోతే ఉందని ఎట్లా తెలుసని తండ్రిని అడిగితే, సర్వే పటాల్లో ఉంటుందని తండ్రి జవాబిచ్చాడు.

తండ్రికి వేరే ఇబ్బంది ఉంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందర నిలబడి, కొడుక్కి ఫస్టు క్లాసు వచ్చినట్టు ఆయన నలుగురికీ చెప్పేశాడు. రాబోయేదాన్ని వచ్చిందనడం అబద్ధం కాదు, ముందస్తు సమాచారం అని ఆయన లెక్క.

మంగళవారం సాయంత్రం డ్రిల్లు మాస్టరు బాలస్వామి, సుందరం బడిలో కూర్చొని చాలావరకు నింపిన పరీక్ష కాగితాలు తీసుకొని ఇంటికొచ్చాడు. దళానికి ఆయనే పెద్ద.

"శుక్రవారం సాయంత్రానికి నా చేతికి రావల్లప్పా ఆనందం. మిగిలింది గూడా పిల్లోడే రాయల్ల, వాడే సంతకం పెట్టల్ల. ఫారం మద్రాసు నుంచి మనిషికొకటే వచ్చినాది. చెడిపితే ఇంకోటి లేదు."

"చెడిపేదా?" అన్నాడు ఆనందం. ఆయన సర్వీసు మొత్తంలో ఒక్క కొట్టివేత లేదు. ఆ సంగతి ఊళ్లో ఆయనొక్కడికే తెలుసు. అందుకే అప్పుడప్పుడు ఇతరులకు గుర్తుచేసేవాడు.

బాలస్వామి వెళ్లగానే కాగితాలన్నీ తండ్రి చేతిలోకి వచ్చేశాయి. చూసి ఇచ్చేస్తానన్నాడు గానీ, చూడటమంటే ఆయన దృష్టిలో మూలకు రంధ్రం వేసి, దారం గుచ్చి, పుటలకు అంకెలు వేసి, ఎర్ర నాడాతో కట్టడం. అది అయ్యాక చదవడం మొదలుపెట్టాడు.

పోయిన నెలలో సుందరం, వాడి స్నేహితుడు చిన్న ఈరన్న కడప నుంచి ఒంటిమిట్ట దాకా నడిచిపోయారు. ఫస్టు క్లాసుకు ఆ నడక తప్పనిసరి. దారిలో చూసింది రాయాలి, పటం గీయాలి, మూడు వస్తువులను టేపు లేకుండా కంటితో కొలవాలి. దారికి అడ్డంగా పారే ఒక వంక వెడల్పు, ఒక కట్టడం ఎత్తు, ఒక చెట్టు ఎత్తు. ఫారంలో మూడింటికీ మూడు గళ్లు. మొదటి గడిలో వంక వెడల్పు ఉంది. రెండో గడిలో ఒంటిమిట్ట గోపురం ఎత్తు ఉంది. మూడో వరసలో "చింతచెట్టు" అని సిరాతో గుండ్రంగా రాసి ఉంది. దాని ఎదురుగా గడి ఖాళీ.

ఆనందం కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఖాళీ అట్లాగే ఉంది.

"సుందరం! ఈ చింతచెట్టు ఏమైందిరా?"

"ఉండాది నాయినా."

"ఉండాదని నాకూ తెల్సు. ఎంత ఎత్తుండాదని అడుగుతాండా."

"చెప్పకూడదు నాయినా."

"కొల్చలేదా?"

"కొల్చినా."

"మర్చిపోయినావా?"

"లేదు నాయినా. గుర్తుండాది."

"మల్ల?"

"చెప్పకూడదు."

వంటింట్లో నుంచి జీవమ్మ తల బయటపెట్టింది. "ఏమయ్యా, ఊళ్లో ఇంక చెట్లే లేవా? ఇంకోదాన్ని కొల్చి రాయమను. మన వీధిలోనే వేపచెట్టు ఉండాది."

ఆనందం భార్యను జాలిగా చూశాడు. "సిరాతో చింతచెట్టు అని రాసినాడు జీవమ్మా. ఇప్పుడు కొట్టేసి వేపచెట్టు అని రాయమంటావా?"

"కొట్టేస్తే ఏమవుతాది?"

"కొట్టివేత అవుతాది."

జీవమ్మ లోపలికి పోయింది.

ఆ రోజు నుంచీ ఆనందానికి ఆ ఖాళీ గడి కంట్లో పడ్డ ఇసకలాగా అయింది. కచ్చేరీలో కట్టలు విప్పినా అదే, కట్టినా అదే. కొడుకు చెట్టెక్కి పడ్డాడేమో. పడితే దెబ్బ ఉండాలి, దెబ్బ లేదు. చెట్టు మీద దయ్యం ఉందని ఎవరన్నా బెదిరించారేమో. క్రైస్తవుల పిల్లవాడు దయ్యాలకు భయపడితే పాస్టరుగారికి మొహం ఎట్లా చూపించాలి? లేక చెట్టు యాజమాన్యం మీద ఏదైనా దావా నడుస్తోందా? ఈ మూడోది ఆయనకు అన్నిటికన్నా నచ్చింది గానీ, దానికి ఆధారం దొరకలేదు.

జీవమ్మకు ఇంకో ఊహ వచ్చింది. "ఆడపిల్ల ఎవరన్నా ఉండాదేమో అడుగు."

"చెట్టు మీదనా?"

"చెట్టు కింద."

బుధవారం సాయంత్రం ఆనందం దారి మార్చి, చిన్న ఈరన్న ఇంటి మీదుగా నడిచాడు. ఈరన్న అరుగు మీద కూర్చొని శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఈ ఏడాది వాడి పరీక్ష లేదు, అందుకని నిశ్చింతగా ఉన్నాడు.

"ఏమప్పా ఈరన్నా, ఆ పొద్దు ఒంటిమిట్ట దావలో చింతచెట్టు కాడ ఏం జరిగినాది?"

"ఏం జరగలేదు మామా. నేను కర్ర పట్టుకొని చెట్టు మొదట్లో నిలబడినా. సుందరం అంత దూరాన నిలబడి, ఒక కన్ను మూసుకొని, పెన్సిలు అడ్డం పెట్టి, నా కర్ర లాంటియి చెట్టులో ఎన్నుండాయో లెక్కేసినాడు. అంతే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కోడికూర తిన్యాం."

"కోడికూరనా? మీరే వండుకోవల్ల గదరా?"

ఈరన్న నాలుక కరుచుకున్నాడు. "అది వేరే మామా. మా పప్పు మేమే వండుకున్యాం. అది కూడా తిన్యాం. ఇంగ నన్నడగద్దు, చెప్పకూడదు."

చెట్టు, కోడికూర, చెప్పకూడదు. ఈ మూడింటినీ ఒకే దారంతో గుచ్చడానికి ఆనందం ఇంటికొచ్చేదాకా ప్రయత్నించాడు. ముడి పడలేదు. గురువారం పొద్దున్నే కచ్చేరీకి ఒకరోజు సెలవు చీటీ రాశాడు. కారణం దగ్గర "అత్యవసర స్వంత పని" అని రాశాడు. ఆయన సెలవు పెట్టడం అరుదు కాబట్టి ఇంట్లో ఎవరికో ఏదో అయిందని కచ్చేరీ అంతా అనుకుంది. ఇద్దరు ముగ్గురు పలకరించడానికి కూడా వచ్చి, జీవమ్మ క్షేమంగా ఉండటం చూసి కొంచెం నిరుత్సాహపడి వెళ్లారు.

రైల్లో ఆనందం కొడుకు గీసిన పటం తొడ మీద పరుచుకుని కూర్చున్నాడు. నల్లకోటు, తలపాగా, గొడుగు, చంకలో ఫైలు. ఫైలు అక్కర్లేదు గానీ, అది లేకుండా నడిస్తే ఆయనకు ఒకవైపుకు ఒరిగినట్టుంటుంది. ఒంటిమిట్ట స్టేషన్లో దిగి వెనక్కి నడిచాడు. పటంలో ఎక్కడ వంక ఉందో అక్కడే వంక వచ్చింది. ఎక్కడ రాతిగుండు ఉందో అక్కడే రాతిగుండు వచ్చింది. గుండు మీద మేక ఉన్నట్టు కూడా గీశాడు. మేక ఉంది. అదే మేకో కాదో చెప్పలేం. కన్నవాడన్నాక ఆ మాత్రం పొంగక తప్పదు. ఆనందం నడుస్తూ నడుస్తూ రెండుసార్లు పటాన్ని దూరంగా పట్టుకొని మెచ్చుకున్నాడు.

వంక దాటగానే పల్లె మొదట్లో చింతచెట్టు కనపడింది. చుట్టూ చేలు ఎండి నెర్రెలు విచ్చి ఉన్నాయి. పచ్చగా ఉన్నది అదొక్కటే. దాని కింద చేటలో సజ్జలు చెరుగుతూ ఒక ముసలామె కూర్చుంది. ఆమె ఆనందం కోటును, తలపాగాను, చంకలో ఫైలును వరసగా చూసింది. చేట పక్కన పెట్టి లేచింది.

"దా నాయినా, కూర్చో. నువ్వొస్తావని తెల్సు."

ఆనందం ఆశ్చర్యపోయాడు. "నేనొస్తానని నీకెట్ల తెల్సమ్మా?"

"చిన్నోళ్లు చూసిపోయినాక పెద్దోళ్లు వస్తారు గదా. మా బాయికీ అట్లనే వచ్చినారు. ముందు ఇద్దరు పిల్లోళ్లు వచ్చి తాడేసి లోతు చూసినారు. మల్ల నీ మాదిరి కోటాయన వచ్చినాడు. మరుసటేడు నీళ్ల పన్ను వచ్చినాది."

ఆమె పేరు రామలక్ష్మమ్మ. ఆ చేనూ ఆ చెట్టూ ఆమెవి. చేను వాన పడితే పండుతుంది. చెట్టుకు ఆ షరతు లేదు. ఏ కరువులోనైనా అది కాస్తుంది.

ఆయన అడగకముందే ఆమె అంతా చెప్పింది. ఖాకీ గుడ్డలేసుకున్న ఇద్దరు చిన్న దొరలు వచ్చారట. ఒకడు చెట్టుకు కర్ర ఆనించాడు, ఒకడు కన్ను మూశాడు. మూసిన కన్ను తెరిచి పుస్తకం తీశాడు. రాయబోతున్నాడు. అప్పుడు ఈమె పరుగెత్తుకొచ్చింది.

"నాయినా, రాయొద్దు, రాస్తే చెట్టుకు గూడా పన్నేస్తారు అన్యా. మేము సర్కారోళ్లం కాదవ్వా అన్నాడు. ఔ, అందరూ అట్లనే అంటారు. నేను ఇడిసిపెట్టలే. ఆ పిల్లోడు శానాసేపు ఆలోచన చేసినాడు. మల్ల పుస్తకం మూసి, చెయ్యెత్తి, ఇట్ల మూడు ఏళ్లు చూపించినాడు."

ఆమె మూడు వేళ్లెత్తి చూపింది. స్కౌటులు మాట ఇచ్చేటప్పుడు చేసే వందనం అది. ఇంట్లో సుందరం రోజూ అద్దం ముందు చేసేవాడు.

"మూడు కోళ్లు అడుగుతాండాడు అనుకున్యా," అంది రామలక్ష్మమ్మ. "ఒకటే ఉండాది నాయినా, కరువు గదా అన్యా. వద్దు వద్దు అంటాండాడు. సర్కారోళ్లు వద్దంటే తక్కువైందని గదా. పట్టుకొని కోసినా."

ఆనందానికి మూడు ముడులూ ఒక్కసారి విడిపోయాయి. నవ్వు రావాల్సింది గానీ, ఆయన రెవెన్యూ మనిషి, కాబట్టి ముందు వివరణ వచ్చింది.

"అమ్మా, చెట్టు ఎత్తును బట్టి పన్నుండదు."

"నువ్వు సర్కారోడివేనా?"

"అవును."

"మల్ల నీ మాట ఎట్ల నమ్మేది?"

"ఆ పిల్లోడు నా కొడుకమ్మా. ఇదంతా వాని పరీక్ష కోసరం."

"పరీక్షకు నా చెట్టే దొరికినాదా? ఈ దావ పొడుగునా చెట్లే."

ఇంట్లో జీవమ్మ అన్నదీ అదే. ఇద్దరు ఆడవాళ్లు ఒకే మాట అన్నారంటే ఆలోచించాల్సిన విషయమే. కానీ ఆనందం అప్పుడు తల వెనక్కి వంచి చెట్టు చివర చూస్తున్నాడు. ఇంత దూరం వచ్చి, చెట్టు కిందనే నిలబడి, ఎంతుందో చూడకుండా పోవడం ఏ మనిషి వల్లనన్నా అవుతుందా? ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. గొడుగు చెట్టు మొదట్లో ఆనించి వచ్చాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు.

"కన్నేంటికి మూసినావు?" అంది రామలక్ష్మమ్మ.

"ఏం లేదమ్మా, నలుసు పడినాది."

"ఆ పిల్లోనికీ ముందు నలుసే పడినాది."

ఆనందం పెన్సిలు జేబులో పెట్టేశాడు. కానీ అప్పటికే లెక్క అయిపోయింది. అంకె తలలో దిగిపోయింది, ఇంక తీయడానికి వీల్లేదు.

కోడి లేనందుకు రామలక్ష్మమ్మ నొచ్చుకుని, సంగటి ముద్ద, చింతకాయ తొక్కు పెట్టింది. సర్కారు ఉద్యోగి రైతు ఇంట్లో తినకూడదని ఆనందానికి తెలుసు. తాను సెలవులో ఉన్నానని కూడా తెలుసు. సెలవులో ఉన్నవాడు తిన్నాడు. తొక్కు చాలా బాగుంది.

చెయ్యి కడుక్కునేటప్పుడు ఆమె చెంబు ఇవ్వకుండా పట్టుకొని నిలబడింది.

"చిన్న దొర మాట ఇచ్చినాడు. పెద్ద దొరవు నువ్వూ ఇయ్యి."

"రాయనమ్మా."

"అంతేనా? రాయొద్దు, చెప్పొద్దు, చెయ్యి పెట్టి గూడా చూపియ్యొద్దు. ఆ పిల్లోనితోనూ మూడూ చెప్పించినా."

కచ్చేరీలో ఇంత పకడ్బందీగా షరతులు రాసేవాడు ఒక్కడూ లేడని ఆనందం మనసులో అనుకున్నాడు. చెప్పిన మూడూ చెప్పాడు. ఎందుకైనా మంచిదని చివర్లో కొడుకులాగా మూడు వేళ్లు కూడా ఎత్తాడు.

"కోళ్లు లేవంటి గదా నాయినా," అంది ఆమె.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సుందరం వాకిట్లో తాడుకు ముడులు వేసుకుంటున్నాడు. తండ్రిని పైనుంచి కిందికి చూశాడు. చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకోవడం వాళ్ల దళంలో ఒక పాఠం.

"యాడికి పోయినావు నాయినా?"

"సొంత పని."

"ఆ యవ్వ బాగుండాదా?"

"ఏ యవ్వ?"

"నీ కోటు భుజాన చింతాకు ఉండాది."

ఆనందం భుజం దులుపుకొని కొడుకు పక్కన కూర్చున్నాడు.

"నువ్వూ కొల్చినావా?" అన్నాడు సుందరం మెల్లగా.

"కంట్లో నలుసు పడినాది."

"నాకూ."

ఆనందం గొంతు సవరించుకున్నాడు. రైల్లో వస్తూ వస్తూ తయారుచేసుకున్న వాదన ఒకటి ఉంది. "చూడు సుందరం. నీ లెక్క నీకుండాది, నా లెక్క నాకుండాది. రెండూ ఒకటే అయితే అది నిజం గదా. నిజాన్ని రాస్తే తప్పేముండాది? మద్రాసుకు పోయే కాగితం ఆ యవ్వ చూస్తాదా? సర్కారు చూస్తాదా?"

"నాయినా, నువ్వు ఆమెకు మాట ఇచ్చినావా లేదా?"

"ఇచ్చినా."

"మల్ల?"

సర్వీసులో అయినా మీదివాళ్లు ఇంత చిన్న ప్రశ్నతో ఇంత పెద్ద ఆఫీసు నోటును ఎప్పుడూ తిప్పి పంపలేదు.

"ఫస్టు క్లాసు పోతాదిరా. సముద్రం పోతాది."

సుందరం ముడి బిగించాడు. గట్టిగా బిగించడం చూస్తే వాడికీ బాధగానే ఉందని తెలుస్తోంది. "సముద్రం యాడికీ పోదు నాయినా. ఆడనే ఉంటాది."

శుక్రవారం కచ్చేరీ నుంచి వచ్చాక ఆనందం ఫారం ముందు కూర్చున్నాడు. అంకె రాస్తే మాట తప్పడం. "లేదు" అని రాస్తే అబద్ధం. ఖాళీగా వదిలేస్తే... ఖాళీగా వదిలేయడమనేదాన్ని ఆయన ఆలోచించలేకపోయాడు. చివరికి ఫారంలో అన్నిటికన్నా చివరన, ఎవరూ ఏమీ రాయని రిమార్కుల గడి కంటపడింది. ఆయన మొహం వెలిగింది. మనుషులకు దిక్కుతోచనప్పటి కోసమే ఆ గడి పుట్టిందని ఆయన నమ్మకం. చెప్తుంటే కొడుకు రాశాడు:

"చెట్టు కొలవడమైనది. ఎత్తు తెలిసినది. యజమానురాలి అభ్యంతరము వలన ఇందు వ్రాయుటకు వీలుకాలేదు."

"అంతా నిజమే గదా?" అన్నాడు ఆనందం.

సుందరం మళ్లీ ఒకసారి చదివాడు. "నిజమే నాయినా." సంతకం పెట్టాడు.

బాలస్వామి ఫారం తీసుకొని చదివి, తల గోక్కున్నాడు. "ఏమప్పా ఆనందం, ఇది పరీక్ష కాగితమా, కోర్టు కాగితమా? ఆ కమిషనరు రిటైరయిన తాసిల్దారు. ఖాళీ గడి చూస్తే కాగితం మొహాన కొడతాడు."

శనివారం పొద్దున బడి హాల్లో పరీక్ష. పెద్దవాళ్లు లోపలికి రాకూడదన్నారు. ఆనందం వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు. అది లోపల ఉన్నట్టు కాదు, కాకపోతే అన్నీ కనపడతాయి, వినపడతాయి.

కమిషనరుది పెద్ద మీసం. కాగితాలు వేగంగా తిప్పుతున్నవాడు సుందరం ఫారం దగ్గర ఆగాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. కిటికీ దగ్గర ఆనందానికి ఆ పని ఎందుకు చేశాడో బాగా అర్థమైంది.

"ఏమప్పా, చెట్టు కొల్చినావా?"

"కొల్చినా సార్."

"గుర్తుండాదా?"

"ఉండాది సార్."

"మరి చెప్పు."

"మాటిచ్చినా సార్."

కమిషనరు అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించాడు. ముప్పై ఏళ్లు తాలూకాల్లో చెట్లు లెక్కపెట్టిన మనిషి. అభ్యంతరం ఉన్న చెట్టు ఆయనకెప్పుడూ తగల్లేదు. "నాకొక్కనికి చెప్పు. రాయనులే."

"రాయొద్దు, చెప్పొద్దు, చెయ్యి పెట్టి కూడా చూపియ్యొద్దు అనింది సార్."

"చెప్పకుంటే నీకు కొల్చడం వచ్చో రాదో నాకెట్ల తెలుస్తుంది? ఫస్టు క్లాసు ఎట్ల ఇచ్చేది?"

సుందరం నిటారుగా నిలబడ్డాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కిటికీ బయట ఆనందం ఊచ పట్టుకున్నాడు. ఆయన తలలో అంకె ఉంది. ఒక్క మాట అరిస్తే చాలు, కొడుకు సముద్రం చూస్తాడు. నోరు కూడా కొంచెం తెరిచాడు. అప్పుడు మొన్నటి నుంచి నాలుక మీద మిగిలిన తొక్కు పులుపేదో తగిలినట్టయి, మూసేశాడు.

కమిషనరు కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. ఆనందం పక్కకు తప్పుకున్నాడు.

"ఆ కనపడేది ఏం చెట్టు?"

"వేపచెట్టు సార్," అన్నాడు బాలస్వామి.

"దానికెవరి అభ్యంతరమన్నా ఉందా?"

"లేదు సార్. బడిది."

"ఐతే పో, దాన్ని కొలువు."

సుందరం కర్ర తీసుకొని పరుగెత్తాడు. ఇంకో కుర్రవాడు కర్ర ఆనించాడు, వీడు కన్ను మూశాడు, కన్ను తెరిచాడు, అంకె చెప్పాడు. బడి బంట్రోతు తాడు పట్టుకొని చెట్టెక్కి, చిటారుకొమ్మ దగ్గర ప్రభువును రెండుసార్లు తలచుకొని, తాడు కిందికి వదిలాడు. తాడు కొలిచి చూస్తే సుందరం చెప్పినదానికి జానెడు తేడా. కమిషనరు లోపలికి వచ్చి, కలం సిరాలో ముంచి, ఫారంలో "చింత" అన్న మాట మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పైన "వేప" అని రాశాడు. పక్కన గడిలో అంకె వేశాడు. కింద పాసైనట్టు సంతకం పెట్టాడు.

ఆ గీత కొట్టేటప్పుడు ఆనందం కళ్లు మూసుకున్నాడు. ఈసారి రెండూ.

హాల్లో పిల్లలు చప్పట్లు కొడుతుంటే కమిషనరు చుట్ట కాల్చుకోవడానికి వరండాలోకి వచ్చాడు. ఆనందాన్ని చూశాడు.

"ఆ పిల్లోని తండ్రి మీరేనా? రిమార్కు మీ మాటే అనుకుంటా."

"చిత్తం."

"ఆ వాక్యం చూడగానే అనుకున్నాను, ఇంట్లో గుమాస్తా ఉన్నాడని. మీరూ చూసినారా ఆ చెట్టును?"

"చూసినాను సార్."

"ఎంతుంటుందంటారు?"

పై అధికారి అడిగితే సమాచారం ఇవ్వకపోవడం ఆనందం సర్వీసులో అంతవరకు జరగలేదు. ఆయన చేతులు కట్టుకున్నాడు. పొరపాటున ఏ వేలూ లేవకుండా జాగ్రత్తపడ్డాడు.

"యజమానురాలి అభ్యంతరం ఉంది సార్."

"అయ్యో, నేను రిటైరైన మనిషినయ్యా. నాకిప్పుడు సర్కారుతో పనేముంది?"

"అందరూ అట్లనే అంటారని ఆమె ముందే చెప్పింది సార్," అన్నాడు ఆనందం వినయంగా.

కమిషనరు చుట్ట ముట్టించడం మర్చిపోయి, ఒంటిమిట్ట ఉన్న దిక్కుకు కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

ఇంట్లో జీవమ్మ పెరట్లో కోడిని తెచ్చి కట్టేసి ఉంచింది. కొడుకు చొక్కా మీద కుట్టాల్సిన బ్యాడ్జీ చూసి కళ్లకద్దుకొంది. తర్వాత జరిగిందంతా అడిగి అడిగి చెప్పించుకుంది. వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"వేపచెట్టు! నేను మంగళారమే చెప్పినా. చెప్పినానా లేదా?"

"చెప్పినావు," అన్నాడు ఆనందం.

"సరే, అదట్ల పెట్టు. ఆ చింతచెట్టు ఎంతుండాది?"

తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంట్లో దానికి గూడా చెప్పకూడదా? నేనేమన్నా పన్నేస్తానా?" జీవమ్మ కత్తిపీట ముందు పెట్టుకొని కూర్చుంది. "చెప్తేనే కోడి. లేకుంటే లేదు."

పెరట్లో కోడి గింజలు ఏరుకుంటోంది. మసాలా నూరిన వాసన వస్తోంది. సుందరం కోడిని చూశాడు, తండ్రిని చూశాడు. ఆనందం కోడిని చూశాడు, చాలాసేపు చూశాడు.

"అమ్మా," అన్నాడు సుందరం, "చారు చాల్లే."

"శనివారం గదా, చారే మేలు," అన్నాడు ఆనందం. క్రైస్తవుల ఇంట్లో శనివారానికీ చారుకూ ఏ సంబంధమూ లేదు గానీ, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పూట ముగ్గురూ చింతపండు చారు పోసుకొని తిన్నారు. జీవమ్మ వడ్డించింది. రెండోసారి గరిటె ముంచి, చారు పోయకుండా అట్లాగే పట్టుకొని అడిగింది.

"ఏమయ్యా, ఒంటిమిట్టకు పొద్దున బండి ఎన్ని గంటలకు?"